ఆగుండ్రి, నేనే చెప్త

నాకు నత్తి. కొత్తవాళ్లతో మాట్లాడాల్సి వస్తే ఇప్పుడు ముందు ఈ మాటే చెబుతాను. చెప్పేస్తే వాళ్లకూ నాకూ పని తేలికవుతుంది. ఇంత చిన్న సంగతి తెలుసుకోవడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది. అంతవరకూ నాకున్న తెలివినంతా దాన్ని దాచడానికే వాడాను.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పాలి. కథల్లో నత్తివాళ్లు వస్తే రాసేవాళ్లు మొదటి అక్షరాన్ని నాలుగుసార్లు రాసి మధ్యలో చుక్కలు పెడతారు. చదివేవాళ్లు నవ్వుకుంటారు. నేను అలా రాయను. నేను చెప్పిన మాట రాస్తాను, చెప్పడానికి ఎంతసేపు పట్టిందో అవసరమైన చోట రాస్తాను. పేర్లు మాత్రం ఎవరివీ రాయను. పేర్లతో నాకున్న గొడవ ఏమిటో చదివితే మీకే తెలుస్తుంది.

మాది రుద్రూర్ పక్కన చిన్న ఊరు. ఎటు చూసినా చెరుకు. కాలువ కింద మా బాపుకు నాలుగెకరాల పొలం, ఒక జత ఎడ్లు, ఒక బండి. బాపు తక్కువ మాటల మనిషని ఊళ్లో పేరు. ఇంటికి ఎవరైనా వస్తే మాట్లాడేది మా మేనత్త. ఆమె బాపుకు అక్క. భర్త పోయాక కొడుకుతో సహా వచ్చి మా పక్కింట్లోనే ఉండేది. మా అవ్వ, అంటే నన్ను కన్న తల్లి, వంటింట్లో ఎంత అరిచినా నలుగురి ముందుకు వచ్చి మాట్లాడేది కాదు. కాబట్టి మా ఇంటికి నోరంటే మేనత్త నోరే.

రాష్ట్రం కలిసిన ఏడాది నేను రెండో తరగతి. అప్పటిదాకా మా బడిలో పేరు పిలిస్తే 'హాజిర్' అనేవాళ్లం. 'హ' నన్ను పెద్దగా ఇబ్బంది పెట్టేది కాదు. ఊపిరి వదిలితే చాలు, దాని వెంబడే మాట వచ్చేసేది. ఆ ఏడు కొత్త పంతులు వచ్చి ఇకమీద అందరూ 'ఉన్నాను సార్' అనాలన్నాడు. ఆయనకు తెలుగు మీద ప్రేమ. నాకు మాత్రం ఆ 'ఉ' దగ్గరే గొంతు పట్టేసేది. పెదవులు గుండ్రంగా పెట్టుకుని కూర్చునేదాన్ని. గాలి లోపలికి పోదు, బయటికి రాదు. పంతులు రెండుసార్లు పిలిచి, తల ఎత్తకుండానే గీత పెట్టి ముందుకు పోయేవాడు. ఆయనకు మూడు గజాల దూరంలో కూర్చుని నేను రోజూ బడికి రాని పిల్లనయ్యాను.

కొన్నాళ్లకు పక్కన కూర్చునే పిల్లకు జాలి కలిగింది. నా పేరు పిలవగానే "ఉన్నది సార్" అనడం మొదలుపెట్టింది. పంతులు సంతోషించాడు, నేనూ సంతోషించాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. నా బదులు వేరే నోరు మాట్లాడడం అక్కడే మొదలైంది.

ఇంట్లో వైద్యాలు చాలా జరిగాయి. మేనత్త వసకొమ్ము తేనెలో అరగదీసి నా నాలుక మీద రాసేది. నాలుక మండి కళ్ల నీళ్లు వచ్చేవి, మాట మాత్రం వచ్చేది కాదు. ఎవరో చెప్పారని గుడి గంట తిరగేసి అందులో నీళ్లు పోసి నలభై రోజులు తాగించారు. ఆ నీళ్లకు కంచు వాసన. నలభై ఒకటో రోజు పొద్దున మేనత్త నన్ను ఎదురుగా నిలబెట్టుకుని, "ఇగ మాట్లాడు బిడ్డా" అంది. ఏం మాట్లాడాలో చెప్పలేదు. నేను నిలబడ్డాను, ఆమె నిలబడింది. చివరికి వీపు మీద ఒకటి పడింది. బాపు అరుగు మీద పలుపుతాడు పేనుకుంటూ అంతా చూశాడు, ఏమీ అనలేదు.

ఒకసారి సాయంత్రం అవ్వ నన్ను దుకాణానికి గ్యాసునూనె కోసం పంపింది. మా వైపు కిరోసిన్‌ను అలాగే అంటారు. దారి పొడుగునా 'గ్యాసునూనె, గ్యాసునూనె' అనుకుంటూ పోయాను. ఒంటరిగా ఉంటే బాగానే వస్తుంది. దుకాణం ముందు నలుగురు ఉన్నారు. నా వంతు వచ్చేసరికి ఆ 'గ' దవడ కింద ఇరుక్కుంది. సావుకారి నా మొహం చూస్తున్నాడు. నేను చప్పున "దీపం నూనె" అన్నాను. ఆయన నువ్వుల నూనె పోసి ఇచ్చాడు. అది కాదని చెప్పాలంటే మళ్లీ 'గ' కావాలి. తీసుకుని ఇంటికి వచ్చాను. అవ్వ చూసుకోకుండా దాన్ని కందీల్లో పోస్తే వత్తి మాడి ఇల్లంతా పొగ.

"మొద్దుమొకందానా, గ్యాసునూనెకు దీపం నూనెకు ఫరక్ తెల్వదా?" అంది అవ్వ.

తెలుసు. బాగా తెలుసు. కానీ నత్తిది అనిపించుకోవడం కన్నా మొద్దు అనిపించుకోవడం నాకు సులువు. నా చిన్నతనం అంతా నేను ఆ బేరమే చేశాను. తెలుగులో రాని మాటకు ఉర్దూ వెతుక్కునేదాన్ని, ఉర్దూ కూడా మొండికేస్తే సంతలో విన్న మరాఠీ. బెల్లం రాకపోతే గుడ్, గుడ్ రాకపోతే వేలు పెట్టి చూపించడం. చూసేవాళ్లకు మూడు భాషలు వచ్చిన పిల్లను. పొద్దున లేచింది మొదలు ఇవాళ ఎవరు ఏం అడుగుతారో, దానికి ఏ అక్షరంతో జవాబు చెప్పాలో అని గుండెలో ఒకటే గుబులు. నత్తి కష్టం ఒక్క క్షణమే, దాని భయం మాత్రం రోజంతా ఉండేది.

ఒక్క చోట నాకు నత్తి రాదు. అది పాట. బతుకమ్మ పండుగకు ఆడవాళ్లంతా చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొడుతుంటే, పాట ఎత్తుకునేది నేను. ఎంత పొడుగు పాటైనా ఒక్క ముక్క తప్పిపోదు, ఒక్కచోట ఆగదు. "మాట్లాడంగ ఉండే నత్తి పాడంగ యాడికి వోతది?" అని కొందరు మొహం మీదే అనేవాళ్లు. నాటకం ఆడుతున్నాననుకునేవాళ్లు. నాకూ అప్పట్లో తెలియదు. పాటలో తర్వాతి మాట ముందే సిద్ధంగా ఉంటుంది, అందరి అడుగూ ఒక్కసారే పడుతుంది, నేనేం చెబుతానా అని ఎవరూ నా మొహంలోకి చూడరు. అందుకేనేమో అని ఇప్పుడు అనుకుంటాను.

ఆ పాటే నా మీదికి వచ్చింది. బోధన్ దగ్గరి ఊరి నుంచి నన్ను చూసుకోవడానికి వచ్చినప్పుడు నాకు పదిహేడేళ్లు. వాళ్లు అడిగిన ప్రతిదానికీ మేనత్తే జవాబు చెప్పింది. నా పేరు కూడా ఆమే చెప్పింది. "పిల్ల మస్తు నెమ్మది. నోట్లె నాలుక లేని పిల్ల" అంది. వాళ్లు మెచ్చుకున్నారు. తర్వాత "పాట పాడు బిడ్డా" అని మోకాలితో పొడిచింది. పాడాను. పెళ్లికొడుకు తల్లి కళ్లు తుడుచుకుంది. మా ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

వాళ్లు పోయాక నేను అవ్వ దగ్గరికి పోయి, వాళ్లకు ముందే చెప్పమన్నాను. ఆ ఒక్క మాట చెప్పడానికి చాలాసేపు పట్టింది. అవ్వ వింటూ వింటూ బాపు వైపు చూసింది. బాపు లేచి పశువుల కొట్టంలోకి వెళ్లిపోయాడు. మేనత్త మాత్రం, "అటు వోయినంక వాళ్లే తెల్సుకుంటరు తియ్యి. ఇప్పుడెందుకు?" అంది.

పెళ్లి అయింది. మాఘమాసం, చెరుకు సీజన్ మంచి ఊపు మీదున్న రోజులు. బండి దిగి అత్తగారింటి గడప ముందు నిలబడ్డాం. పక్కన ఆయన, వెనక మేనత్త. ఆడబిడ్డ గుమ్మానికి చేతులు అడ్డంపెట్టి నవ్వుతోంది. ఇద్దరూ ఒకరి పేరు ఒకరు చెబితేనే లోపలికి రానిస్తారు. ఆయన నా పేరు గబుక్కున చెప్పేశాడు. అందరూ నవ్వారు. ఇక నా వంతు.

మా వైపు ఇల్లాలు భర్త పేరు పలకదు. జన్మలో ఆ ఒక్కరోజే, ఆ గడప దగ్గరే పలికిస్తారు. అందుకని ఎంత తటపటాయిస్తే అంత మంచి పిల్ల కింద లెక్క. చప్పున చెబితే "గట్టిదే దొరికింది" అంటారు.

ఆయన పేరు 'బ'తో మొదలవుతుంది. 'బ' అంటే రెండు పెదవులూ కలవాలి, కలిసినవి మళ్లీ విడిపోవాలి. నా పెదవులు కలిశాయి. అంతే. మెడ నరాలు బిగుసుకున్నాయి, కళ్లు వాటంతట అవే మూసుకుపోయాయి. తెరిచి చూసేసరికి అందరి మొహాల్లోనూ ముచ్చట కనబడుతోంది.

"సిగ్గు వడుతున్నదే!" అంది ఒకామె.

"గిప్పటి పిల్లలల్ల గింత సిగ్గు యాడ సూస్తం? ఇడువుండ్రి, తొవ్వ ఇడువుండ్రి" అంది ఒక ముసలమ్మ. ఆడబిడ్డ నవ్వుతూ చేతులు దించింది. వెనక నుంచి మేనత్త నా చెవిలో, "తల వంచుకొని నడు. ఇగ ఏం గాదు" అంది.

నిజమే, ఏమీ కాదు. ఒక్క అడుగు వేస్తే చాలు. నా నత్తికి సిగ్గు అని పేరు పెట్టి లోపలికి తీసుకుపోతున్నారు. ఇక ఆ ఇంట్లో బతికినన్నాళ్లూ నేను నెమ్మదైన కోడలిని, సిగ్గరిని, నోట్లో నాలుక లేనిదాన్ని. నేను నెమ్మది మనిషిని కాదు. నాకు ఎంత కోపముందో, ఎన్ని తిట్లు వచ్చో నాకు తెలుసు. అవన్నీ గొంతులోనే పెట్టుకుని ముసలిదాన్నయిపోతాననిపించింది. ఆ క్షణంలో నత్తి బయటపడుతుందన్న భయం కన్నా ఆ భయమే పెద్దదైంది.

నేను కదలలేదు. "సిగ్గు గాదు. నాకు నత్తి. ఆగుండ్రి, నేనే చెప్త" అన్నాను.

ఆ నాలుగు మాటలకే ముచ్చటంతా పోయింది. మళ్లీ పెదవులు కలిపాను. పక్క నుంచి ఆయన మెల్లగా తన పేరు తనే అందించబోయాడు. ఆయన వైపు ఒక చూపు చూశాను, ఊరుకున్నాడు. బాజావాళ్లు వాయించడం ఆపేసి బీడీలు ముట్టించుకున్నారు. నేను ఆయన పేరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చెప్పి, కుడికాలు పెట్టి లోపలికి పోయాను.

మూడు రోజులు ఆ ఇంట్లో నాతో ఎవరూ సరిగా మాట్లాడలేదు. మూడో రోజు పిల్లను పుట్టింటికి తీసుకుపోవడానికి బాపు బండి కట్టుకుని వచ్చాడు. అది అందరూ చేసేదే. కానీ ఈ పోవడం పోవడమేనా, మళ్లీ తీసుకొస్తారా అన్నది ఎవరికీ తెలియదు. వాకిట్లో మంచాలు వేశారు. నన్ను గుంజ పక్కన కూర్చోబెట్టి, నాకు చెవులు కూడా లేనట్టు నా గురించి మాట్లాడారు.

"గింత మోసమా?" అంది అత్తగారు. "ముందుగాల్ల సెప్తే మేం కాదంటిమా?"

ఆమె కోపంలో తప్పేమీ నాకు కనబడలేదు. మేనత్త ఊరుకోలేదు. "మోసమేంది వదినె? పెండ్లినాడు పిల్లకు దిష్టి తగిలింది. గంతకు ముందు గిది లేకుండె" అంది.

అత్తగారు బాపు వైపు తిరిగింది. "నువ్వు సెప్పన్నా. కన్నతండ్రివి. గామె సెప్పింది నిజమేనా?"

బాపు నోరు తెరిచాడు. నేను ఆయన మొహంలోకే చూస్తున్నాను. గడ్డం ఒక్కసారి వణికింది. కళ్లు మూసుకుపోయాయి. తొడ మీద పిడికిలి బిగిసింది. మెడ మీద నరం తేలింది. మాట రాలేదు. మిగతావాళ్లకు అది ఆలోచిస్తున్న మనిషి మొహం. నాకు అది నా మొహం. నేను దాన్ని ఎప్పుడూ బయటి నుంచి చూడలేదు, లోపలి నుంచే తెలుసు.

"నిజమే అంటున్నడు" అంది మేనత్త, ఆయన కళ్లు తెరవకముందే.

ఆయన ఏం చెప్పబోయాడో నాకు ఇప్పటికీ తెలియదు. అక్క ఆయన నోట్లో పెట్టిన మాటను ఆయన మింగేసి తల దించుకున్నాడు. పదిహేడేళ్లు ఒకే ఇంట్లో ఉండి నేను పోల్చుకోలేకపోయాను. మా బాపు తక్కువ మాటల మనిషి కాదు. మా బాపు నత్తి మనిషి.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. లేచి నిలబడ్డాను. "నిజం గాదు. పుట్టిన సంది ఉన్నది" అన్నాను. మేనత్త నా కొంగు పట్టుకుని లాగింది. నేను కూర్చోలేదు.

అత్తగారు నా వైపు తిరిగింది. గొంతు కొంచెం మెత్తబడింది. "మల్ల గానాడు పాటెట్ల పాడినవ్ బిడ్డా? సెప్పేదేదో గట్లనే రాగం దీసి సెప్పరాదు. జెల్ది అయితది" అంది. ఎవరో నవ్వారు. ఆమె ఎగతాళికి అనలేదు, నాకు ఉపాయం చెప్పాననే అనుకుంది.

"పాట పండుగనాడు పాడుత. ఇంట్ల మాట్లాడుత" అన్నాను. "నాకు నత్తి ఉన్నది, సచ్చేదాక ఉంటది. ఉంచుకుంటరో తోలిస్తరో మీ ఇష్టం. గని నా మాట నేనే చెప్త. ఇంకొగలు చెప్పొద్దు."

ఇక్కడ మూడు వరుసల్లో రాశాను. అక్కడ చెబుతుండగా పొయ్యి మీద ఎసరు పొంగి మూత కింద పడి దొర్లింది. ఆడబిడ్డ లేచి పోలేదు. ఎవరూ లేవలేదు. నేను ముగించేదాకా ఆగారు.

అప్పటిదాకా గోడకు ఆనుకుని నిలబడ్డ ఆయన అప్పుడు నోరు విప్పాడు. "నాకేం తొందర లేదు. మెల్లగనే మాట్లాడనియ్యి" అన్నాడు.

అత్తగారు కొడుకు వైపు చూసింది, నా వైపు చూసింది. "చెరుకు కొట్టుడు మీదున్నది. నాలుగు దినాలల్ల పిల్లను తోలియ్యన్నా" అంది బాపుతో. ఆ ఇంట్లో నాకు చోటు అలా దొరికింది, దయ వల్ల కొంత, చెరుకు వల్ల కొంత.

తిరుగుదారిలో మేనత్త అలిగి బండి వెనక భాగంలో పడుకుంది. నేను బాపు వీపు చూస్తూ కూర్చున్నాను. ఆయన ఎడ్లతో మాట్లాడుతున్నాడు. ఎండ సంగతి, దారి సంగతి, ఇంటికి పోయాక పెట్టే మేత సంగతి. ఎక్కడా ఆగకుండా, తడబడకుండా. ఆయన నాతో అన్ని మాటలు ఎన్నడూ మాట్లాడలేదు. "బాపూ, నీకు గూడ ఉన్నది గద?" అని అడిగాను. ఆయన వెనక్కి తిరగలేదు. ఎడ్లతో మాట్లాడడం మాత్రం ఆపేశాడు. గంటనీళ్లు తాగించిననాడు, వీపు మీద దెబ్బ పడిననాడు, అంతా తెలిసీ పలుపుతాడు పేనుకుంటూ కూర్చున్నాడే అని ఆ దారంతా ఏడ్చాను. చాలా ఏళ్లు ఆయనను క్షమించలేదు.

అత్తగారింటికి వచ్చాక నేను ఒక నియమం పెట్టుకున్నాను. మాట మార్చకూడదు. నాకు ఏది కావాలో దాన్ని దాని పేరుతోనే అడగాలి. మొదటిసారి బోధన్ సంతలో బెల్లం అడగడానికి నిలబడ్డాను. అమ్మేవాడు సాయం చేయబోయాడు. "బియ్యమా? బెండకాయలా? బుడ్డలా?" అన్నాడు. అతని ముందు బెల్లం తప్ప ఏమీ లేదు, అయినా పాపం ఊరంతా తిరిగొచ్చాడు. నేను చెయ్యెత్తి, "నాకు నత్తి. ఆగు" అన్నాను. అతను ఆగాడు. గడ్డం గోక్కుంటూ కూర్చున్నాడు. ఆ మాట చెప్పేసిన తర్వాత నాకు దాచడానికి ఏమీ మిగలలేదు. బెల్లం మెల్లగా, వంకర్లు పోతూ వచ్చింది. ఆకాశమేమీ విరిగి పడలేదు. బెల్లం కట్టించుకుని ఇంటికి వచ్చాను.

అలా అని ఒక్కరోజులో భయం పోలేదు. కొన్ని రోజులు సంతకు పోయి ఏమీ కొనకుండానే వచ్చేదాన్ని. ఇంటికి వచ్చి నన్ను నేనే తిట్టుకుని మళ్లీ వారం పోయేదాన్ని. ఒకసారి నీళ్ల దగ్గర ఒకామె నా నత్తిని అనుకరించి అందరినీ నవ్వించింది. నాకు ఒళ్లు మండి, "గట్ల గాదు, గిట్ల" అని ఆమె కన్నా పెద్దగా, కావాలని నత్తిగా మాట్లాడి చూపించాను. ఆమె బిత్తరపోయింది. నాకేమో కొత్త సంగతి తెలిసింది. కావాలని నత్తిగా మాట్లాడితే గొంతు బిగుసుకోలేదు. బిగించేది నత్తి కాదు, దాన్ని ఆపాలని నేను చేసే పెనుగులాట. ఆ తర్వాత మాట ఇరుక్కుంటే తోయడం మానేశాను. ఇరుక్కోనిచ్చేదాన్ని. దాని పాటికి అది వచ్చేది.

అందరికన్నా కష్టం ఆయనతోనే వచ్చింది. తొందర లేదన్న మనిషే, ప్రేమకొద్దీ నా మాటలు తను పూర్తి చేసేవాడు. నేను 'మం' అనగానే "మంచినీళ్లా?" అని లేచి తెచ్చేవాడు. నాకు కావలసింది మంచం. ఎన్నిసార్లు చెప్పినా ఆగలేకపోయేవాడు. చివరికి ఆయన నా మాట పూర్తి చేసిన ప్రతిసారీ నేను మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. ఎన్నిసార్లు పూర్తి చేస్తే అన్నిసార్లు. ఒకరోజు అన్నం ముందు కూర్చుని కూర పేరు వినేసరికి ఆయనకు కూర చల్లారిపోయింది. నెల తిరిగేసరికి నేర్చుకున్నాడు.

డెబ్బైల మొదట్లో ఒక సీజన్‌లో, ఆయన చెరుకు బండి వేసుకుని చక్కెర ఫ్యాక్టరీ కాటా దగ్గరికి పోతే నేను మధ్యాహ్నం సద్ది పట్టుకుని పోయాను. చెరుకు తూచే చోట బండ్లు ఒకదాని వెనక ఒకటి ఫర్లాంగు పొడుగున ఉన్నాయి. అక్కడొక పద్ధతి ఉంది. బండి కాటా దగ్గరికి రాగానే గుమాస్తా, ఫ్యాక్టరీవాళ్లు రైతుకిచ్చిన చీటీ చేతిలో పట్టుకుని, ఆ చీటీ గలవాడు తన పేరు, తండ్రి పేరు, ఊరు నోటితో చెప్పాలంటాడు. చెప్పకపోతే చీటీ వేరేవాళ్లదేమోనని బండిని వరుస చివరికి పంపిస్తాడు. చివరికి పోతే ఆ రోజు పోయినట్టే, చెరుకు ఎండిపోతుంది.

సద్ది ఇచ్చి తిరిగి వస్తుంటే కాటా మీదికి ఎక్కబోతున్న బండి మా పుట్టింటిది అనిపించింది. ఎడ్లను గుర్తుపట్టాను. పక్కన బాపు ఒక్కడే ఉన్నాడు. ఏటా ఆయనతో మేనత్త కొడుకు వచ్చి పేరు చెప్పేవాడు. ఆ ఏడు అతను పనికోసం బొంబాయి పోయాడు.

"పేరు?" అన్నాడు గుమాస్తా.

బాపు గడ్డం వణికింది. కళ్లు మూసుకుపోయాయి. నేను ఇరవై అడుగుల దూరంలో ఉన్నాను. ఆయన పేరు నా నాలుక చివర ఉంది. ఆ రోజు అది నాకు కూడా తడబడకుండా వచ్చేదే. ఒక్క కేక వేస్తే ఆ బాధ అక్కడితో తీరిపోతుంది. మేనత్త బతుకంతా ఎందుకలా చేసిందో నాకు అప్పుడు తెలిసింది. మనవాళ్లు అలా ఇరుక్కుపోయి ఉంటే చూడడం ఎంత కష్టమో నేను నా నత్తిలో ఉండి ఎన్నడూ చూడలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డాను.

"పేరు సెప్పు పెద్దమనిషీ" అన్నాడు గుమాస్తా మళ్లీ. వెనక బండి మీది మనిషి, "ఏ ముసలోడా, నోట్లె ఏం వెట్టుకున్నవ్? బండి పక్కకు దియ్యి!" అని అరిచాడు. గుమాస్తా పక్కకు పొమ్మని చెయ్యి ఊపబోయాడు.

బాపు కళ్లు తెరిచాడు. గుమాస్తా వైపు కాదు, వెనక బండి వైపు తిరిగాడు. మా బాపు ఎవరినైనా తిట్టగా నేను అంతవరకు వినలేదు. ఆ రోజు తిట్టాడు. తిట్టు కూడా నత్తితోనే తిట్టాడు. 'గాడ్దికొడుకా' అన్న మాట 'గా' దగ్గర ఇరుక్కుపోయింది. బండి మీది మనిషి పకపకా నవ్వాడు. బాపు దాన్ని వదిలిపెట్టలేదు. అతని నవ్వు అయిపోయేదాకా అక్కడే నిలబడి, తిట్టును ఆఖరు దాకా తిట్టాడు. అప్పటికి ఎవరూ నవ్వడం లేదు.

తర్వాత గుమాస్తా వైపు తిరిగాడు. "నాకు నత్తి. ఆగు" అన్నాడు.

గుమాస్తా చీటీ బల్ల మీద పెట్టి ఆగాడు. బాపు తన పేరు చెప్పాడు. తండ్రి పేరు చెప్పాడు. ఊరు చెప్పాడు. ఫర్లాంగు పొడుగున బండ్లన్నీ ఆగి ఉన్నాయి. మా బాపు పేరు మా బాపు నోటి నుంచి నేను వినడం అదే మొదటిసారి.